వెనక అట్ట నుంచి మొదలయ్యే పుస్తకం

పోయిన సంచికలో ‘డ్రాగన్ బాల్’ మొదటి సంపుటం ఇంగ్లీషు అనువాదాన్ని పరిచయం చేశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్నిటికి ఇక్కడ జవాబులు. కొత్తవాళ్ల కోసం రెండు మాటలు: అకిరా తోరియామా గీసి రాసిన ఈ జపాన్ బొమ్మల కథ 1984లో ‘షోనెన్ జంప్’ వారపత్రికలో మొదలై 1995లో ముగిసింది. మొత్తం 42 సంపుటాలు, మొదటిదాంట్లో 11 అధ్యాయాలు. కొండల్లో ఒంటరిగా పెరిగిన తోక ఉన్న పిల్లాడు గోకు, కోరిన కోరిక తీర్చే ఏడు గోళాల కోసం తిరిగే పట్నం పిల్ల బుల్మా కలిసి చేసే ప్రయాణమే కథ.

పుస్తకం తెరిస్తే ముందే చివరి పేజీ కనిపిస్తోంది. బైండింగ్ తప్పు పడిందా? కొట్టువాడికి తిరిగి ఇచ్చేయాలా? (నెల్లూరు)

ఇచ్చేయకండి, పుస్తకం సరిగానే ఉంది. అట్ట మీకు ఎదురుగా ఉన్నప్పుడు కుట్టు అంచు మీ కుడి చేతివైపు ఉండాలి. ఎడమ అంచు పట్టుకుని కుడికి తిప్పుతూ వెళ్లాలి. తెరిచిన రెండు పేజీల్లో ముందు కుడి పేజీ, తర్వాత ఎడమ పేజీ.

పేజీలోపల పై కుడి మూల నుంచి మొదలుపెట్టి ఎడమకు, ఆపైన కిందికి. ఇంతవరకు అందరికీ వచ్చేస్తుంది. తడబడేది గడులు చిన్నా పెద్దా కలిసి ఉన్నచోటే. అలాంటప్పుడు పేజీని ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా కోసే తెల్ల సందు ఎక్కడుందో ముందు చూడండి. దానికి పైన ఉన్నదంతా అయ్యాకే కిందికి దిగాలి. కుడివైపు ఒక నిలువు గడి, ఎడమవైపు ఒకదాని కింద ఒకటి రెండు గడులు ఉంటే ముందు నిలువుది, తర్వాత ఎడమ పైది, ఎడమ కిందది. నిలువు గడి ఎడమవైపు ఉంటే కుడివైపు రెండూ ముగించి దాని దగ్గరికి రావాలి. ఒకే గడిలో రెండు మాటల బుడగలుంటే కుడివైపుదే ముందు. ఇది తప్పితే జవాబు ముందు వినిపించి ప్రశ్న తర్వాత వస్తుంది. అర్థం కావట్లేదనే ఫిర్యాదుల్లో సగం ఇక్కడ పుట్టేవే.

మన అలవాటుకు తగ్గట్టు తిప్పి అచ్చువేయొచ్చు కదా అంటారేమో. ఇంగ్లీషులో ఒకప్పుడు చాలా మాంగాలను, అంటే జపాన్ బొమ్మల కథలను, అద్దంలో బొమ్మలా తిప్పే వేశారు. దాంతో కుడిచేతి వాటం వాళ్లంతా ఎడమచేతి వాళ్లయిపోయారు. కిమోనో విషయంలో ఇంకా ఇబ్బంది. బతికున్నవాళ్లు ఎడమ అంచు పైకి వచ్చేలా కడతారు, శవానికి మాత్రమే కుడి అంచు పైకి తెస్తారు. బొమ్మ తిప్పితే పాత్రలన్నీ శవాల్లా కట్టుకున్నట్టే!

టీవీలో గోకు పోరాటాలు చూసి పుస్తకం కొన్నాను. ఇందులో ఫైట్లు తక్కువ, వెకిలి నవ్వులు ఎక్కువ. నేరుగా పోరాటాల దగ్గరికి వెళ్లొచ్చా? (కరీంనగర్)

వెళ్లొచ్చు, కానీ ఎక్కడికి వెళ్తున్నారో తెలిసి వెళ్లండి. జపాన్‌లో 42 సంపుటాలదీ ఒకటే పేరు. ఇంగ్లీషులో విజ్ సంస్థ మొదటి 16 సంపుటాలను ‘డ్రాగన్ బాల్’గా, మిగతా 26నూ ‘డ్రాగన్ బాల్ జీ’గా విడదీసి, వాటికి మళ్లీ 1 నుంచి అంకెలు వేసింది. అంటే ‘జీ’ 1 అని ఉన్నది నిజానికి 17వ సంపుటం. కొనేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఇదే. మీరు టీవీలో చూసింది చాలావరకు ఆ రెండో భాగమే.

మొదటి సంపుటాన్ని ఫైట్ల కోసం చదివితే నిరాశ తప్పదు. తోరియామా దీనికి ముందు గీసిన ‘డాక్టర్ స్లంప్’ పూర్తి హాస్య కథ. ఆ చేత్తోనే ఇది మొదలైంది. ఇక్కడ దెబ్బ కన్నా దెబ్బ తిన్న ముఖం ముఖ్యం. చేతుల్లోంచి వెలుగు దెబ్బ వదిలే కామెహామెహా కోసం ఎదురుచూస్తుంటే అది రెండో సంపుటంలో వస్తుంది. మొదటిది నిప్పంటుకున్న ఫ్రైపాన్ కొండ దాకా తెచ్చి వదిలేస్తుంది. కాబట్టి మొదటి రెండూ కలిపి తెచ్చుకోవడం మంచిది. మూడు సంపుటాలు కలిపి కుట్టిన లావు పుస్తకం చవకగా పడుతుంది, కానీ మధ్య మడత బొమ్మలను కొంత మింగేస్తుంది.

పేర్లలో హాస్యం ఉందని రాశారు. మాకేమీ కనిపించలేదు. (విశాఖపట్నం)

కనిపించకపోవడం మీ తప్పు కాదు, అనువాదంలో అన్నిటికన్నా ముందు పోయేది పేర్లలోని చమత్కారమే. కథలో పంది పేరు ఊలాంగ్ అంటే చైనా టీలో ఒక రకం. దొంగ యమ్‌చా వెంట తిరిగే పూఆర్ పేరు కూడా టీ రకమే. యమ్‌చా అంటే టీ తాగుతూ చిరుతిళ్లు తినే చైనా అలవాటు. దారి దొంగకు ‘టీ టిఫిన్’ అని పేరు పెట్టాడన్నమాట. బుల్మా అంటే ఆడపిల్లల ఆటల నిక్కరు, బ్లూమర్స్. మొదటి అధ్యాయానికి ఇంగ్లీషులో పెట్టిన పేరులో ఆ మాట ఎందుకు దూరిందో దీంతో తెలుస్తుంది. తర్వాతి సంపుటంలో వచ్చే పిలాఫ్ చక్రవర్తి దగ్గర మాత్రం మనకు వివరణ అక్కర్లేదు. పిలాఫ్, పులావు ఒకే మాట. పులావు మహారాజు అనుకుని చదవండి, నవ్వు దానంతటదే వస్తుంది.

రెండో పొర ‘పశ్చిమ యాత్ర’ది. పదహారో శతాబ్దపు ఈ చైనా నవలలో ఒక బౌద్ధ భిక్షువు గ్రంథాల కోసం భారతదేశానికి బయల్దేరతాడు. తోడుగా కోతి వీరుడు సన్ వుకాంగ్, ఒక పంది, ఒక ఇసుక నది రాక్షసుడు. సన్ వుకాంగ్‌ను జపాన్‌లో పలికే తీరే సోన్ గోకు. పొడవు పెరిగే కర్ర, మబ్బు వాహనం, పంది ఊలాంగ్, ఎడారి దొంగ యమ్‌చా అన్నీ అక్కడివే. భిక్షువు స్థానంలో బుల్మాను పెట్టడమే పెద్ద జోకు. పవిత్ర గ్రంథాల కోసం వెళ్లే సన్యాసి ఎక్కడ, మంచి బాయ్‌ఫ్రెండ్ కోసం గోళాలు వెతికే పదహారేళ్ల పిల్ల ఎక్కడ! ఆ భిక్షువుకు మూలం మన చరిత్ర పాఠాల్లోని హ్యూయన్‌త్సాంగే, ఏడో శతాబ్దంలో ధాన్యకటకం దాకా వచ్చినవాడు. కోతి వీరుడికి మన హనుమంతుడు మూలమా అన్నది పాత తగువు. చైనా పండితుల్లోనే హూ షీ అవునన్నాడు, లూ షున్ కాదన్నాడు.

మా అబ్బాయి ఏడో తరగతి. ఇవ్వొచ్చా? (రాజమహేంద్రవరం)

ముందు మీరు చదవండి, గంట పట్టదు. విజ్ ముద్రణ మీద పదమూడేళ్లు దాటిన పిల్లలకు అనే గుర్తు ఉంటుంది. బొమ్మలు చూసి చిన్నపిల్లల పుస్తకమనుకుంటారు గానీ, మొదటి నాలుగు అధ్యాయాల్లోనే ఆడా మగా తేడా తెలియని గోకు అమాయకత్వం మీద, లోదుస్తుల మీద జోకులున్నాయి. తాబేలు ముని అనే ముసలాయన తన దగ్గరున్న గోళం ఇవ్వడానికి బుల్మాను అడిగేది ఈ రోజుల్లో ఏ పిల్లల పుస్తకంలోనూ అచ్చుకాదు. అమాయకుడి మీద నవ్వు ఇప్పటికీ పండుతుంది, ముసలాయన చిల్లర చేష్టలు పండవు. ఇంగ్లీషు ముద్రణల్లో కొన్నిటిలో ఇలాంటి బొమ్మలను దిద్దారు, అన్నిటిలో కాదు. కాబట్టి మీ చేతిలో ఉన్న ప్రతినే చూసి నిర్ణయించుకోండి.

ఇంకో చిక్కు ఇంగ్లీషుతో. మాటలన్నీ పెద్దక్షరాల్లో ఉంటాయి. జపాన్ లిపి నిలువుగా రాస్తారు కాబట్టి బుడగలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. వాటిలో ఇంగ్లీషు ఇరికించడంతో పదాలు మధ్యలో విరుగుతాయి. పైగా గోకు పల్లెటూరి ఇంగ్లీషు మాట్లాడతాడు, పదాల చివర్లు మింగేస్తాడు. పాఠ్యపుస్తకం ఇంగ్లీషు వచ్చిన పిల్లవాడు తడబడితే తనకు రాదనుకుంటాడు. అది యాస అని ముందే చెప్పండి.

బొమ్మల్లో ఉన్న పెద్ద జపాన్ అక్షరాలు వదిలేసి చదివితే ఏమన్నా నష్టమా? (తిరుపతి)

అవి చప్పుళ్లు. కొన్ని ముద్రణల్లో వాటిని చెరిపి ఇంగ్లీషులో రాస్తారు, కొన్నిట్లో పక్కన చిన్న అక్షరాల్లో అర్థం ఇస్తారు. ఇంగ్లీషు తంటాలు పడేది చప్పుడు లేనివాటికి పెట్టిన చప్పుళ్ల దగ్గర. గుండె దడకు ‘దోకి దోకి’, ఆకలికి ‘పెకో పెకో’, నిశ్శబ్దానికి కూడా ‘షీన్’ అనే మాట ఉంది. మన తళతళ, మిలమిల, నిగనిగ అలాంటివే, వాటికీ చప్పుడు లేదు. ఈ విషయంలో ఇంగ్లీషు కన్నా తెలుగే జపాన్ భాషకు దగ్గర చుట్టం. బుల్మా సామాను దాచే ‘హోయ్-పోయ్’ గుళికల పేరు కూడా ఏదన్నా విసిరేటప్పుడు అనే మాటల నుంచి పుట్టిందే.

ఫుట్‌పాత్ మీద సగం ధరకు దొరుకుతోంది. అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది? (విజయవాడ)

బొమ్మలో సన్నని గీతలు చూడండి, గోకు జుట్టు కొసల దగ్గర. స్కాన్ చేసి వేసిన నకిలీల్లో గీతలు తెగుతాయి లేదా ఉబ్బుతాయి. నల్లటి చోట్లు బూడిద రంగుకు తిరుగుతాయి. కుట్టువైపు బుడగల్లో అక్షరాలు కోసుకుపోయి ఉంటాయి. ఒక్క జాగ్రత్త: అధ్యాయం మొదట్లో కొన్ని పేజీలు మసకగా, బూడిదగా ఉంటే అది నకిలీకి గుర్తు కాదు. వారపత్రికలో రంగుల్లో వచ్చిన పేజీలను సంపుటంలో నలుపు తెలుపుల్లోకి మార్చడం వల్ల అసలులోనూ అలాగే ఉంటాయి.

ఫోన్‌లో చదవాలంటే విజ్ వారి షోనెన్ జంప్ యాప్ భారతదేశంలో పనిచేస్తుంది. ఫోన్ అడ్డంగా పట్టుకుని రెండు పేజీలు కలిపి చూడండి, ఒక్కో పేజీగా చూస్తే రెండు పేజీలకూ పరిచిన బొమ్మ ముక్కలవుతుంది.

మా పిల్లలకు ఇంగ్లీషు వచ్చు, తెలుగు చదవలేరు. ఈ పుస్తకాన్ని తెలుగులో చెబుతూ చదివించాలని ఉంది. ఎలా? (డల్లాస్)

ఒక పూటకు ఒక అధ్యాయం చాలు. మొదటిది పెద్దది, మిగతావి పదిహేను పేజీల లోపో అటూఇటో. మీరు ముందుగా ఒకసారి చదువుకుని, బుడగల్లో మాటలకు తెలుగు మనసులో అనుకోండి. అప్పటికప్పుడు అనువదిస్తే వాక్యం పొడుగై బొమ్మ చల్లారిపోతుంది. బుడగ మీద వేలు పెట్టి, చప్పుడు ముందు, మాట తర్వాత చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యం ఎడమ పేజీ అడుగున ఎడమ మూలలో ఉన్న గడి. ఎవరో ఉలిక్కిపడతారు, లేదా ఒక మాట సగంలో ఆగుతుంది. నవ్వు పేజీ తిప్పాక కుడి పేజీ పైన ఉంటుంది. ఆ మూల గడి దగ్గర ఆగి, పిల్లల చేతే పేజీ తిప్పించండి. తాబేలు ముని మబ్బు ఎక్కబోయే చోట కూడా ఇలాగే ఆగండి. మనసు స్వచ్ఛంగా ఉన్నవాడే దానిమీద నిలవగలడని చెప్పింది ఆయనే. ఏమవుతుందో మీరు ముందే చెప్పేస్తే అంతా పాడు.

వరసల విషయంలో మీకు ఇంగ్లీషు అనువాదకుడికి లేని సౌకర్యం ఉంది. జపాన్ మూలంలో బుల్మా గోకును ‘సోన్ కున్’ అంటుంది, ‘కున్’ తనకన్నా చిన్న అబ్బాయిని పిలిచే తీరు. మీరు హాయిగా ‘ఒరేయ్’ అనిపించొచ్చు. ముసలాయనను ఆమె పని ఉన్నప్పుడు ‘తాతగారూ’ అని, పని అయ్యాక ‘ముసలోడా’ అని పిలిస్తే ఆ పాత్ర మొత్తం తెలిసిపోతుంది. గోకు యాసకు మీ ఊరి మాటే వాడండి. కానీ తెలివితక్కువవాడికే యాస పెట్టే మన సినిమాల పాత జబ్బు అంటకుండా, తాబేలుకు, ఊళ్లోవాళ్లకు కూడా అదే యాస ఇవ్వండి.

ఇక గోకు అనగానే పిల్లలు వీపు గోక్కుని నవ్వుతారు. నవ్వనివ్వండి. తోరియామా కలలో కూడా అనుకోని ఈ శ్లేష తెలుగువాళ్లకు ఉచితంగా దక్కింది. నవ్వు ఆగాక, జపాన్ లిపిలో ఆ పేరులోని రెండు అక్షరాలకు అసలు అర్థం ‘శూన్యాన్ని ఎరిగినవాడు’ అని చెప్పండి. ఆ శూన్యం మన ఆచార్య నాగార్జునుడు చెప్పిన శూన్యమే.