రిక్స్ అంటే మన రాజే

ప్రశ్న: జూలియస్ సీజర్ మీద వెర్సింజెటోరిక్స్ అనే గాల్ నాయకుడు యుద్ధం చేశాడని మా వాడు చదువుతుంటే ఆ పేరు నాకు నోరు తిరగలేదు. అక్కడే ఓర్జెటోరిక్స్, డుమ్నోరిక్స్ అని ఇంకో ఇద్దరు. ఈ రిక్స్ ఏంటండీ, ఇంటిపేరా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇంటిపేరు కాదండీ, రాజు. ఇప్పటి ఫ్రాన్స్‌లో, అంటే అప్పటి గాల్‌లో, ఉన్న కెల్ట్‌లనే జనం మాట్లాడిన గాలిష్‌లో రిక్స్ అంటే రాజు, లాటిన్ రెక్స్, సంస్కృతం రాజన్ అన్నీ ఆ వంశమే, మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న రాజు కూడా. వాళ్ళ పెద్దింటి పేర్లు ఎక్కువగా రెండు మూడు మాటలు అతికించినవి. వెర్ అంటే పైన, సింజెటో అంటే యోధుడు, కలిపితే యోధులకు పైన ఉన్న రాజు, ఓర్జెటోరిక్స్ అంటే చంపేవాళ్ళకి రాజు (బారసాలలో ఎవరు సెలెక్ట్ చేశారో!), డుమ్నోరిక్స్‌లో డుమ్నో అంటే లోకం.

నాకు భలే నచ్చేది ఏంటంటే, పేర్లో రాజు పెట్టుకున్నారు గానీ ఆ తెగల్లో చాలామందికి రాజంటేనే పడదు. ఓర్జెటోరిక్స్ రాజవ్వాలని ప్లాన్ వేశాడని సొంత జనమే విచారణకి ఈడ్చారు, ఆ గొడవలోనే పోయాడు. డుమ్నోరిక్స్ మీదా అదే అనుమానం, క్రీ.పూ. 54లో సీజర్ గుర్రపు దళం చంపేసింది. వెర్సింజెటోరిక్స్ వాళ్ళ నాన్న కెల్టిల్లస్‌ని కూడా రాజ్యం కోరుకున్నాడనే చంపేశారు, ఇవన్నీ సీజరే రాసిపెట్టాడు, శత్రువు రాసింది కాబట్టి కొంచెం ఉప్పు కారం తగ్గించుకుని చదవాలి లెండి. ఆ కొడుకుని మాత్రం అనుచరులు రాజన్నారు, క్రీ.పూ. 52లో అలేసియా అనే కోట దగ్గర సీజర్ చేతిలో ఓడిపోయాడు.

ప్రశ్న: ఈ కెల్ట్‌లు కుక్క పేరు కూడా మనుషులకి పెట్టేవాళ్ళంట, నిజమా?
– ఇంకో పాఠకుడు, ఖమ్మం

జవాబు: నిజమే, అదీ గౌరవంగా. బ్రిటన్‌లోని కెల్ట్ రాజు కునోబెలినస్ పేర్లో కునో అంటే వేటకుక్క, మన శునకానికి దూరపు చుట్టం. ఐర్లాండ్ కెల్ట్‌ల కథల్లో సెటాంటా అనే పిల్లాడు కులాన్ అనే కమ్మరి కాపలా కుక్కని చంపేసి, ఇంకో కుక్కపిల్ల పెద్దదయ్యేదాకా నేనే కాపలా కాస్తానన్నాడు, అప్పట్నుంచీ కూ హులిన్, అంటే కులాన్ గారి కుక్క. మన దగ్గర అలా పిలిస్తే పంచాయితీ అయిపోద్ది!