మీరు డిలీట్ చేసింది ఆటను కాదు

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. ఏడాదిగా ‘ది సిమ్స్ 4’ అనే కంప్యూటర్ ఆట పిచ్చి పట్టుకుంది. ఆడినా కొంత నయం. అందులో మనుషులు వాళ్లంతట వాళ్లు ఏం చేస్తారో చూస్తూ, ఏవో ఫైళ్లు మారుస్తూ కూర్చుంటుంది. అస్తమానూ నీళ్లు తాగుతున్నారని ఏదో అంకె తగ్గించిందట, దాంతో అందరూ కంప్యూటర్ల ముందు చేరారట. దాన్ని సరిచేస్తూ రాత్రి పదకొండు దాకా మేలుకుంది. చదువు పాడవుతోందని ఆ మార్పులన్నీ (మోడ్స్ అంటారట) ఉన్న ఫోల్డర్ డిలీట్ చేశాను. నాలుగు రోజులుగా నాతో మాటల్లేవు. గేమ్ ఏఐలోకి వెళ్తానంటోంది. గేమ్ డిజైన్ కోర్సు మంచిదా, ఏఐ స్పెషలైజేషన్‌తో కంప్యూటర్ సైన్స్ మంచిదా?

జవాబు: మీ ఉత్తరంలో కోర్సుల గురించి ఉన్నది ఒక్క వాక్యం. మిగతాదంతా పిల్ల చేజారిపోతోందన్న భయం. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, ఆట పేరే మారుతుంటుంది. ఏ పరీక్ష, ఎన్ని మార్కులు అన్నవి మీరు ఈపాటికి వెతికే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను.

అమ్మాయి ఏం చేస్తోందో ముందు చూద్దాం. సిమ్స్‌లో ప్రతి మనిషికీ ఆకలి, నిద్ర, శుభ్రత, సరదా, తోడు లాంటి అవసరాలుంటాయి. అవి ఎంతవరకు తీరాయో చూపే కొలత ఆట సాగేకొద్దీ తరిగిపోతుంటుంది. 2000లో గేమ్ డిజైనర్ విల్ రైట్ బృందం మొదటి సిమ్స్ తెచ్చినప్పుడు ఒక చమత్కారం చేసింది. తెలివిని మనిషిలో కన్నా వస్తువుల్లో ఎక్కువ పెట్టింది. ‘నా దగ్గరికొస్తే ఆకలి తీరుతుంది’ అని ఫ్రిజ్, ‘అలసట తీరుస్తాను’ అని మంచం చాటింపు వేస్తుంటాయి. బొమ్మ మనిషి తనకు ఏది ఎంత కొరతగా ఉందో చూసుకుని ఒక్కో చాటింపుకు మార్కులు వేస్తాడు. ఎక్కువ మార్కులొచ్చిన కొన్నింటిలోంచి చీటీ తీసినట్టు ఒకటి ఎంచుకుంటాడు. ఎప్పుడూ మొదటిదే తీసుకుంటే మరీ మరమనిషిలా కనిపిస్తాడు.

బొమ్మ మనుషులు ఇలా తమంతట తాము నడుచుకోవడాన్ని ఆటోనమీ అంటారు. దీన్ని సెట్టింగ్స్‌లో ఆపేయవచ్చు, ఎంచుకున్న ఒక్కరికి మాత్రమే కూడా ఆపవచ్చు. చాలామంది అక్కడితో సరిపెట్టుకుంటారు. సిమ్స్ 4లో గ్లాసు నీళ్ల గొడవ తెలియని ఆటగాళ్లు తక్కువ. మీ అమ్మాయి ఆపేయకుండా మార్కులు దిద్దాలని చూసింది. నీళ్ల మార్కులు తగ్గగానే వెనక నిలబడ్డ కంప్యూటర్ ముందుకొచ్చింది. ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబుకుతుందని తనే కనిపెట్టింది. దీన్ని ట్యూనింగ్ అంటారు. ఈ పనికి జీతాలిస్తారు. పైగా ఆటకు అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మోడ్ చెడిపోవచ్చు, మళ్లీ మొదటికొచ్చి సరిచేసుకోవాలి. జీతం తీసుకునేవాళ్లు కూడా విసుక్కునే పని అది.

మీరు తీసేసింది ఆ పని. ఆట అలాగే ఉంది కదండీ! లెక్కల నోట్‌బుక్కును చింపి, బొమ్మల పుస్తకాన్ని వదిలేసినట్టుంది. చదువు పాడవుతోందన్నారు, మార్కులు తగ్గాయని మాత్రం ఎక్కడా రాయలేదు. తగ్గి ఉంటే మొదటి వాక్యంలోనే రాసేవారు. రాత్రి పదకొండు గురించి గట్టిగా మాట్లాడండి, నేనూ మీ వైపే. (మీ పెంపకానికీ ఆ ఆటోనమీ బటన్‌కూ పోలిక పెట్టి ఉపన్యాసం ఇవ్వొచ్చు. వద్దులెండి, మీకే తట్టి ఉంటుంది.)

ఇక ఏఐ. ఈ మాట మీద నాకే బోలెడు అనుమానాలున్నాయి. ప్రకటనల్లో ఏఐ అంటే గుట్టలకొద్దీ డేటా చూపించి యంత్రానికి నేర్పడం. సిమ్స్‌లో ఉన్నది చాలావరకు మనుషులు కూర్చుని రాసిన మార్కుల పట్టిక. పేరు ఒకటే గానీ చదవాల్సినవి వేరు. ఏఐ స్పెషలైజేషన్‌లో చేరి, రెండేళ్లకు ‘ఇందులో గేములెక్కడున్నాయి సార్’ అని నా దగ్గరికొచ్చిన పిల్లలున్నారు. కోర్సు పేరుకు రెండక్షరాలు తగిలించడం తేలిక, చెప్పగలిగే టీచర్లను తేవడమే కష్టం. గేమ్ కంపెనీల సంగతీ దాచను. 2023, 2024లో ప్రపంచవ్యాప్తంగా వేలమందిని తీసేశారు. ఒక్కో బృందంలో ఏఐ రాసేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే.

అయినా నేను టెన్షన్ పడను. కారణం ఉంది. ప్రతి మనిషికీ సొంత అవసరాలిచ్చి గుంపు ఎలా కదులుతుందో చూసే విద్య ఆటలకే పరిమితం కాదు. మంటలు లేస్తే జనం ఏ ద్వారం వైపు పరుగెడతారు, ట్రాఫిక్ ఎక్కడ ఇరుక్కుంటుంది, అంటువ్యాధి ఎలా పాకుతుంది అన్నవాటికీ ఇలాంటి నమూనాలే కడతారు. గేమ్ ఉద్యోగం దొరక్కపోయినా ఆమె నేర్చుకున్నది వృథా కాదు.

పోలిక అడిగారు కదా, నా ఓటు మామూలు కంప్యూటర్ సైన్స్‌కే. సంభావ్యత, డేటా స్ట్రక్చర్స్ (సమాచారాన్ని అమర్చే పద్ధతులు), సి ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష గట్టిగా ఉంటే చాలు. గేమ్ డిజైన్ కోర్సులో చేరాలంటే అక్కడ పాఠం చెప్పేవాళ్లు ఒక్క ఆటైనా పూర్తిచేసి విడుదల చేశారేమో కనుక్కోండి. ఈలోగా ముగ్గురు మనుషులు, నాలుగు అవసరాలు, పది వస్తువులతో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తన సొంత చిన్న ఇల్లు ఒకటి కట్టమనండి. సిమ్స్ 4 మోడ్ల స్క్రిప్టులూ పైథానే కాబట్టి అది ఆమెకు కొత్త కాకపోవచ్చు.

అన్నట్టు, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి ఉండకపోతే ఆ ఫోల్డర్ ఇంకా అందులోనే ఉంటుంది. ఆమె ఇంటికొచ్చేలోగా చూడండి.