వుడ్‌వర్డ్ మీద మొరాయిస్తున్న 1965 ముస్టాంగ్‌కి నా సమాధానం

మీది 1965 ఫోర్డ్ ముస్టాంగ్ కారు, 289 వీ8 (289 క్యూబిక్ అంగుళాల, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), పెట్రోలునీ గాలినీ కలిపే కార్బురేటర్ రెండు బ్యారెళ్లది, అంటే గాలి వెళ్లే గొట్టాలు రెండు. డెట్రాయిట్ వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఆగస్టు ఎండలో నత్తనడకన వెళ్తుంటే ఆగిపోతోంది, అరగంట చల్లారితే గానీ స్టార్ట్ అవడం లేదు. అంతేగా? ఇంజిన్ మార్చేయమన్న మెకానిక్ మాట కాసేపు పక్కన పెట్టండి.

ఈసారి ఆగగానే ఇగ్నిషన్ ఆఫ్ చేసి, ఎయిర్ క్లీనర్ తీసి, కార్బురేటర్‌లోకి చూస్తూ థ్రాటిల్‌ని (యాక్సిలరేటర్ కదిలించే మీటని) చేత్తో తిప్పండి. రెండు సన్నటి పెట్రోలు ధారలు చిమ్మాలి. చుక్క కూడా రాలేదంటే పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి, పంపు లాగలేకపోతోంది. తిప్పకుండానే కారుతూ ఘాటు వాసన కొడితే కార్బురేటర్ గిన్నెలో మరిగి పొంగిందన్నమాట; యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి స్టార్ట్ చేయండి. ధారలు బాగానే ఉంటే స్పార్క్ చూడండి. వేడెక్కితే చచ్చిపోయే ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్‌కి కరెంటు ఇచ్చేది) కూడా ఇదే నాటకం ఆడుతుంది.

అమెరికాలో ఇప్పటి పెట్రోలులో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, ఆ మిశ్రమం తొందరగా ఆవిరవుతుంది. కార్బురేటర్ కింద ఫినాలిక్ స్పేసర్ (ఇంజిన్ వేడిని పైకి రానివ్వని మందపాటి పలక) వేసి, పెట్రోలు పైపుని ఎగ్జాస్ట్‌కి దూరంగా జరపండి. స్పేసర్ వేశాక బానెట్ తగులుతుందేమో చూసుకోండి. పైపుకి చెక్క బట్టల క్లిప్పులు పెట్టే పాత చిట్కా మీద నాకు నమ్మకం లేదు.

కొత్త వీల్స్, పెయింట్ తర్వాత. బ్రేకులకి ఒత్తిడి పంపే మాస్టర్ సిలిండర్ ఇంకా సింగిల్‌దే ఉంటే ముందు డ్యూయల్ పెట్టించండి. సింగిల్‌లో ఒక్కచోట లీకైతే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి.