నిద్రలో ఉన్నవాళ్లతో మాట్లాడే చదువు ఎక్కడుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతూ నీట్ కోచింగ్ కూడా తీసుకుంటోంది. నిద్రపోతున్నవాళ్లతో సైంటిస్టులు మాట్లాడారని ఎక్కడో చదివి, ఇప్పుడు తానూ అదే చదువుతానంటోంది. రాత్రి మూడింటికి అలారం పెట్టుకుని లేచి కలలు నోట్‌బుక్‌లో రాసుకుంటోంది. అసలు ఇది సైన్సేనా? కోర్సు ఉందా? రేపు అన్నం పెడుతుందా? మాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: నమస్కారమండీ. సైన్సేనా అన్న ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీ భయమంతా అక్కడే ఉన్నట్టుంది. కలలనగానే మనకు పంచాంగంలో వేసే స్వప్నఫలాలు గుర్తొస్తాయి. మీ అమ్మాయి చదివిన సంగతి వేరు. అది 2021లో కరెంట్ బయాలజీ అనే పరిశోధన పత్రికలో అచ్చయింది. అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్‌లోని నాలుగు ల్యాబ్‌లు విడివిడిగా చేసి చూసిన పని అది. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో కెన్ పాలర్ ల్యాబ్‌లో కేరెన్ కాంకొలీ అనే పీహెచ్‌డీ విద్యార్థిని దీన్ని నడిపించింది. విద్యార్థిని అన్న మాట గమనించండి.

అక్కడ జరిగిన ఒక సంఘటన చెప్తాను. పందొమ్మిదేళ్ల కుర్రాడు నిద్రపోతున్నాడు. తల మీద, కళ్ల పక్కన, గడ్డం కింద ఎలక్ట్రోడ్లు అతికించి ఉన్నాయి. కలలో ఉన్నానని తనకు తెలిసిన క్షణంలో కళ్లు ఎడమకీ కుడికీ తిప్పి సైగ చేశాడు. పక్కనున్నవాళ్లు మెల్లగా అడిగారు: ఎనిమిదిలోంచి ఆరు పోతే ఎంత? మూడు సెకన్లలోపే కళ్లు ఎడమ-కుడి, ఎడమ-కుడి కదిలాయి. రెండు! మళ్లీ అడిగితే మళ్లీ రెండే. అంతసేపూ స్క్రీన్ మీద గీతలు అతను నిద్రలోనే ఉన్నాడని చెబుతున్నాయి.

కళ్లతోనే ఎందుకంటే, కలలు బాగా వచ్చే రెమ్ నిద్రలో మెదడు ఒంట్లోని కండరాల్ని దాదాపుగా వదులు చేసేస్తుంది. లేకపోతే కలలో పరిగెత్తినప్పుడల్లా మంచం మీంచి దూకేస్తాం. ఊపిరి కండరాలు, కంటి కండరాలు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. ఆ సందులోంచి సమాచారం బయటికి రప్పించవచ్చని 1975లో ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీలో కీత్ హెర్న్ మొదట చూపించారు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబెర్జ్ వేరుగా అదే రుజువు చేశారు. అప్పటికి కలలోంచి బయటికి కబురు రావడం వరకే. బయటి నుంచి ప్రశ్న వేసి జవాబు రాబట్టడం 2021 నాటి కొత్త సంగతి. ఒకరికైతే ఆ ప్రశ్న కలలో కారు రేడియోలోంచి వినిపించిందట.

ఇంకో నిజం కూడా అమ్మాయికి తెలియాలి. ఆ ప్రయోగాల్లో 36 మంది పాల్గొన్నారు. కలలో ఉన్నామని సైగ చేశాక ప్రశ్నలు వేసిన సందర్భాలు 158. సరైన జవాబు వచ్చింది వాటిలో 18 శాతానికి. 60 శాతానికి అసలు జవాబే లేదు. వార్తల్లో కనిపించేది ఆ 18 శాతం. పరిశోధకులు రాత్రుళ్లు కూర్చునేది మాత్రం ఈ 60 శాతం ముందు.

గురక సమస్యతో మా నాన్నగారికి స్లీప్ స్టడీ, అంటే రాత్రంతా నిద్రను రికార్డు చేసే పరీక్ష, చేసినప్పుడు ఒక రాత్రి నేను పక్కనే ఉన్నాను. టెక్నీషియన్ అమ్మాయి టేపుతో తల కొలిచి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, జిగురులాంటి పేస్టుతో ఒక్కో వైరూ అతికించింది. దానికే చాలాసేపు పట్టింది. తెల్లవారాక అసలు పని మొదలు. రికార్డు మొత్తాన్ని ముప్పై సెకన్ల ముక్కలుగా చూస్తూ, ఒక్కోదానికి ఏ దశ నిద్రో రాయాలి. ఎనిమిది గంటల నిద్రంటే 960 ముక్కలు. మీ అమ్మాయికి ఆ పని మీద ఇష్టం కలుగుతుందా లేదా అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. కలల మీద ఇష్టం అందరికీ ఉంటుంది.

కోర్సు సంగతికొస్తే, ఇంటర్ అవగానే చేరడానికి 'కలల డిగ్రీ' అంటూ విడిగా ఏదీ వెతక్కండి. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు మెడిసిన్ నుంచో, న్యూరోసైన్స్ నుంచో, సైకాలజీ నుంచో, ఇంజనీరింగ్ నుంచో వస్తారు. అందుకే నీట్ చదువు వృథా కాదు. ఎంబీబీఎస్ సీటొస్తే తర్వాత న్యూరాలజీ, సైకియాట్రీ, పల్మనాలజీ (ఊపిరితిత్తుల వైద్యం) వైపు నుంచి స్లీప్ మెడిసిన్‌లోకి, అంటే నిద్ర జబ్బుల వైద్యంలోకి, రావచ్చు. 2021 ప్రయోగంలో ఫ్రాన్స్ బృందంలో ఉన్న ఇసబెల్ ఆర్నుల్ఫ్ న్యూరాలజిస్టే. నార్కొలెప్సీ (పగలు కూడా ఆపుకోలేనంత నిద్ర ముంచుకొచ్చే జబ్బు) లాంటివి ఉన్న రోగులకు చికిత్స చేస్తూనే ఆమె కలల మీద కూడా పరిశోధన చేశారు.

సీటు రాకపోయినా దారి మూసుకుపోదు. బైపీసీతోనే ఐసర్ (సైన్స్ చదువు, పరిశోధనల కోసం కేంద్రం పెట్టిన సంస్థ) ప్రవేశ పరీక్ష రాయొచ్చు, తిరుపతిలోనే ఐసర్ ఉంది. డిగ్రీ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ ఉంది. పీహెచ్‌డీకి బెంగళూరులో నిమ్హాన్స్, ఐఐఎస్‌సీ, హర్యానాలోని మానేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ ఉన్నాయి. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, రెండేళ్లయ్యాక 42,000. దాంతో ఇల్లు కట్టలేం గానీ ఇంటి మీద ఆధారపడకుండా చదువుకోవచ్చు. త్వరగా సంపాదన కావాలంటే న్యూరోఫిజియాలజీ టెక్నాలజీ లాంటి పారామెడికల్ కోర్సు చేసి, స్లీప్ ల్యాబ్‌లో చేరే మార్గమూ ఉంది. ఏ దారిలో వెళ్లినా లెక్కలు వదలొద్దు. బైపీసీ పిల్లలు ఇంటర్‌లో లెక్కలకు దండం పెట్టేసి, తర్వాత ఆ మెదడు గీతల ముందు కూర్చున్నప్పుడు స్టాటిస్టిక్స్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష రాక ఏడవడం నేను చూశాను.

ఇక మూడింటి అలారం. ఈ ఒక్క విషయంలో మీ పక్షమే నేను. ఈ ముక్క అమ్మాయికే చదివి వినిపించండి.

అమ్మా, కలలో స్పృహ తెచ్చుకోవడానికి మధ్యలో లేచి మళ్లీ పడుకునే పద్ధతి ఉందని నువ్వు చదివే ఉంటావు. ల్యాబ్‌లో ఒక రాత్రి చేయడం వేరు, నీట్ ముందు రోజూ చేయడం వేరు. రెమ్ నిద్ర ఎక్కువగా పట్టేది తెల్లవారుజామునే. నువ్వు కోసేసుకుంటున్నది సరిగ్గా ఆ నిద్రనే. చదివింది మెదడులో కుదురుకోవడానికి నిద్ర ఎంత అవసరమో ఇదే రంగంలోని సైంటిస్టులు ఏళ్లుగా చెబుతున్నారు. కాబట్టి అలారం తీసెయ్. పొద్దున దానంతటదే మెలకువ వచ్చినప్పుడు గుర్తున్న కల రాసుకో, చాలు.

నీట్ అయ్యాక ఓ వారం కడుపునిండా నిద్రపో. తర్వాత ఫిజియోనెట్ అనే వెబ్‌సైట్‌లో స్లీప్-ఈడీఎఫ్ పేరుతో నిద్ర రికార్డింగులు ఉచితంగా ఉంటాయి. ఒక్క రాత్రిది దించుకుని, నిద్రపట్టే సమయం దగ్గర నుంచి వంద ముక్కలకు నీ అంతట నువ్వు దశలు రాసి, నిపుణులు రాసినవాటితో పోల్చి చూసుకో. నూటొకటో ముక్క కూడా చూడాలనిపిస్తే నాన్నగారితో చెప్పి నాకు మళ్లీ రాయించు.