చెప్పింది మేనేజరు, పంపవలసింది నేను

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌కు దగ్గరలోని ఒక జిన్నింగ్ (పత్తి నుంచి గింజలు వేరుచేసే) మిల్లులో అకౌంట్స్ చూస్తాను. క్యాష్ క్రెడిట్ (సరుకు హామీ మీద బ్యాంకు ఇచ్చే అప్పు) కోసం ప్రతి నెలా బ్యాంకుకు స్టాక్ స్టేట్‌మెంట్, అంటే చేతిలో ఉన్న సరుకు లెక్క, నా ఆఫీసు మెయిల్ నుంచే వెళ్తుంది. ఈసారి గోదాములో ఉన్నదానికన్నా ఎక్కువ పత్తి బేళ్లు చూపమని మేనేజరు ఫోన్లో చెప్పారు. లెక్క కుదరడం లేదని మెయిల్ రాస్తే, ఇలాంటివి రాతలో పెట్టవద్దని, దాన్ని డిలీట్ చేయమని అన్నారు. స్టేట్‌మెంట్ ఇంకా పంపలేదు. రేపు ఇది నా మీదికి వస్తుందా? మెయిళ్లన్నీ నా సొంత జీమెయిల్‌కు పంపుకోవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ మెయిల్ డిలీట్ చేయకండి, ఆ లెక్కతో స్టేట్‌మెంటూ పంపకండి. మీరు చూపిన సరుకు విలువలో మార్జిన్ (బ్యాంకు అప్పు ఇవ్వని భాగం) తీసివేసి, మిల్లు ఎంత డబ్బు వాడుకోవచ్చో బ్యాంకు నిర్ణయిస్తుంది కనుక, లేని బేళ్లు చూపడమంటే లేని సరుకు మీద అప్పు తేవడమే. మోసం చేసే ఉద్దేశంతో ఉద్యోగి లెక్కలు మారిస్తే, నేరాలకు శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహిత 344వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. తెలిసి పంపినవారికి "పైవారు చెప్పారు" అన్న మాట రక్షణ కాదు.

డిలీట్ చేసినంత మాత్రాన మెయిల్ పోయినట్టు కాదు, అందుకున్నవారి దగ్గరా సర్వర్‌లోనూ మిగిలి ఉండవచ్చు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, తగిన సర్టిఫికెట్‌తో దాఖలు చేస్తే దాన్ని కోర్టు సాక్ష్యంగా స్వీకరిస్తుంది. కోర్టుకు చూపవలసిన రికార్డును అక్కడికి చేరకుండా చేయాలని చెరిపివేస్తే అది న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద వేరే నేరం, శిక్ష మూడేళ్ల వరకు.

రాతలో వద్దన్న ప్రతివారూ మోసగాళ్లు కారు. మీరు "దొంగ లెక్క" వంటి మాట వాడి ఉంటే మేనేజరు దానికే ఉలిక్కిపడి ఉండవచ్చు. అందుకని ఈసారి నిందలు లేకుండా, ఫలానా తేదీన గోదాము రిజిస్టరులో ఇన్ని బేళ్లు ఉన్నాయని, మేనేజరు ఫోన్లో చెప్పిన సంఖ్య ఇదని, రిజిస్టరు ప్రకారమే స్టేట్‌మెంట్ తయారు చేస్తున్నానని ఆయనకు రాసి, యజమానికి కాపీ పెట్టండి. తప్పు సంఖ్యే పంపమని ఆయన రాతలో ఇచ్చినా ఆ పని చేయకూడదు.

జీమెయిల్ సంగతి: అన్నీ పంపుకోవద్దు. వాటిలో రైతుల చెల్లింపులు, కొనుగోలుదారుల ధరలు కూడా ఉంటాయి. నియామక పత్రంలోని గోప్యత షరతును చూపి మిల్లు మీ మీదే చర్య తీసుకునే వీలుంటుంది. ఎవరు ఎప్పుడు ఏమి చెప్పారో సొంత డైరీలో అదే రోజు రాసుకుని, ఆ డైరీ, నియామక పత్రం తీసుకుని ఒక న్యాయవాదిని కలవండి. ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపిస్తారు.