డాక్టర్ సలహా: లిగమెంట్ తెగిన ఆటగాణ్ని డ్రాఫ్ట్ చేయొచ్చా? మా అబ్బాయి ఆగస్టులో ఆడొచ్చా?

ప్రశ్న: మాది ఒంగోలు. పదిహేనేళ్లుగా టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయికి 17 ఏళ్లు. హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాడు. నవంబరు మొదట్లో మ్యాచ్ ఆడుతుంటే కాలు మెలిపడి ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టే లిగమెంట్) తెగింది. డిసెంబరు మధ్యలో ఆపరేషన్ చేశారు. మోకాలి చిప్ప కింది టెండన్ నుంచి ముక్క తీసి కొత్త లిగమెంట్ వేశారు, మోకాలి కీలులో మెత్తలా ఉండే మెనిస్కస్‌కి కుట్లు వేశారు. ఇప్పటికి ఐదు నెలలు. నొప్పి లేదు, జాగింగ్ చేస్తున్నాడు. ఆగస్టు మొదట్లో ప్రాక్టీసుకు వెళ్తానంటున్నాడు. మొన్న ఎన్‌ఎఫ్‌ఎల్ (ఇక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్ చూస్తూ ఇద్దరం గొడవపడ్డాం. గాయపడ్డ కుర్రాణ్ని ఏ జట్టయినా ఎందుకు తీసుకోవాలని నేను, మోకాలు పోయిన జైలన్ స్మిత్‌ని మన డల్లాస్ జట్టు కౌబాయ్స్ తీసుకోలేదా అని వాడు. మీరే జట్టు డాక్టరైతే ఏమంటారు? మావాణ్ని ఆగస్టులో పంపొచ్చా?

జవాబు: జట్టు తీసుకోవచ్చు. మీరు మాత్రం ఆగస్టులో ఆడటానికి పంపకండి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం అనిపించవచ్చు. కానీ మీ ఇంట్లో గొడవంతా ఈ రెంటినీ ఒకే ప్రశ్న అనుకోవడం వల్లే వచ్చింది.

ఇక్కడి పాఠకుల కోసం ముందు ఒక మాట. డ్రాఫ్ట్ అంటే మన ఐపీఎల్ వేలం లాంటిది కాదు. డబ్బులు పెట్టి పాడుకోవడం ఉండదు. 32 జట్లు వరుస ప్రకారం కాలేజీ ఆటగాళ్లను ఒక్కొక్కరిగా ఎంచుకుంటాయి. మొత్తం ఏడు రౌండ్లు. ముందు సీజన్‌లో వెనకబడ్డ జట్టుకి ముందు వంతు వస్తుంది. ఎంపికైన కుర్రాడి మొదటి ఒప్పందం నాలుగేళ్లు. మొదటి రౌండ్ వాళ్లకైతే ఐదో ఏడు కూడా ఉంచుకునే హక్కు జట్టుకి ఉంటుంది. ఆ నాలుగేళ్ల లెక్క గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయేదంతా దాని మీదే నడుస్తుంది.

డ్రాఫ్ట్‌కి రెండు నెలల ముందు ఇండియానాపొలిస్‌లో కంబైన్ అనే పరీక్షల శిబిరం జరుగుతుంది. టీవీలో మనం చూసేది పరుగులు, దూకుళ్లు. జట్లకు అసలు పని డాక్టర్ల గదుల్లో. పాత గాయం ఉన్న కుర్రాడి మోకాలిని ఒకే రోజు రకరకాల జట్ల డాక్టర్లు పట్టుకుని లాగి చూస్తారు, ఎమ్మారై తీస్తారు. అనుమానం ఉంటే ఏప్రిల్‌లో మళ్లీ పిలిపిస్తారు.

ఆ లాగి చూడటం ఏమిటో చెప్తాను. నా ఓపీకి కబడ్డీ కుర్రాళ్లు ఎక్కువగా వస్తారు. పల్లెల్లో మట్టి కోర్టుల మీద ఆడి, కాలు పాతుకుపోయి, ఒళ్లు తిరిగిపోయి ఏసీఎల్ తెంచుకుంటారు. బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు కాస్త వంచి, ఒక చేత్తో తొడ గట్టిగా పట్టి, రెండో చేత్తో కింది ఎముకని ముందుకు లాగుతాను. లిగమెంట్ బాగుంటే తాడు బిగుసుకున్నట్టు టక్కున ఆగుతుంది. తెగి ఉంటే ఆగదు, మెత్తగా ముందుకు జారిపోతుంది. అది చేతికి తెలిసిన క్షణంలో కుర్రాడు నా మొహంలోకే చూస్తుంటాడు. ఇన్నేళ్లయినా ఆ చూపు నాకు అలవాటు కాలేదు.

నేనే జట్టు డాక్టర్నైతే మేనేజర్ నన్ను “గాయమైందా, లేదా” అని అడగకూడదు. “ఏం దెబ్బతింది” అని అడగాలి. మోకాలిలో అన్నీ ఒక తీరున మానవు. లిగమెంట్ తెగితే కొత్తది వేస్తాం, ఏడాదికి గట్టిపడుతుంది. మెనిస్కస్ బయటి అంచుకి రక్తప్రసరణ ఉంటుంది కాబట్టి అక్కడ చిరిగితే కుట్టొచ్చు. లోపలి భాగానికి రక్తం అందదు, అక్కడ మానడం కష్టం. ఎముక చివర నున్నటి పూత ఉంటుంది, మనవాళ్లు “గుజ్జు” అనేది దాన్నే. అది లేచిపోతే మళ్లీ అలాంటిది పుట్టదు. మనం ఏం చేసినా అతుకే. ఇక నరం. నరం గురించే మీవాడు చెప్పిన జైలన్ స్మిత్ కథ.

2016 జనవరి 1న ఫియెస్టా బౌల్ అనే కాలేజీ మ్యాచ్‌లో నోటర్‌డామ్ యూనివర్సిటీ తరఫున ఆడుతూ స్మిత్ ఎడమ మోకాలిలో ఏసీఎల్, పక్కనుండే ఎల్‌సీఎల్ రెండూ తెంచుకున్నాడు. అప్పటిదాకా మొదటి ఐదుగురిలో ఎంపికవుతాడని అందరి అంచనా. లిగమెంట్లు మాత్రమే అయితే అంతగా భయపడేవాళ్లు కాదు. మోకాలి బయటి వైపు, పిక్క ఎముక మెడని చుట్టుకుని పెరోనియల్ నరం కిందికి దిగుతుంది. మోకాలు పక్కకి వంగిపోతే అది సాగిపోతుంది. అప్పుడు పాదం పైకి లేవదు, నడిస్తే వేలాడుతుంది. ఫుట్ డ్రాప్ అంటాం. సాగిన నరం మళ్లీ పెరిగితే రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. జానెడు దూరం పోవడానికి ఏడు నెలలు. ఈలోపు నరం అందని కండరం ఎండిపోతూ ఉంటుంది. ఏడాది, ఏడాదిన్నర దాటితే నరం చేరినా కండరం పలకకపోవచ్చు. అది వస్తుందా రాదా అన్నది ఏప్రిల్‌లో బల్ల మీద చూసి ఏ డాక్టరూ చెప్పలేడు.

కౌబాయ్స్ అతన్ని రెండో రౌండ్‌లో, 34వ ఎంపికగా తీసుకున్నారు. వాళ్లకో వీలుంది: అతనికి ఆపరేషన్ చేసింది ఆ జట్టు డాక్టరే. మిగతా జట్లు రిపోర్టులు చదువుకుంటే, ఈయన మోకాలి లోపల స్వయంగా చూశారు. 2016 సీజన్ మొత్తం కూర్చోబెట్టారు. 2017లో పాదం వేలాడకుండా బ్రేస్ వేసుకుని ఆడాడు. ఆ ఏడు మునుపటి వేగం లేదు. 2018లో నిలదొక్కుకున్నాడు. 2019లో ఐదేళ్ల కొత్త ఒప్పందం, లీగ్‌లో మేటి ఆటగాళ్ల మ్యాచ్ ప్రో బౌల్‌కి ఎంపిక. 2021 అక్టోబరులో జట్టు వదిలేసింది. నన్నడిగితే 34వ స్థానంలో అది సరైన ఎంపికే. అదే ఐదో స్థానంలో తీసుకుని ఉంటే నేను వద్దనేవాణ్ని. గాయమూ కుర్రాడూ మారలేదు, కట్టే మూల్యం మారింది. జట్టుకి ఓపిక కూడా ఉండాలి. ఏడాదంతా ఆడించకుండా జీతమిచ్చి కూర్చోబెట్టగల జట్టే ఈ పని చేయాలి. అక్టోబరుకే మైదానంలో కావాలనుకునే కోచ్ ఉన్నచోట ఇలాంటి కుర్రాణ్ని తీసుకోవడం అతనికి అన్యాయం.

అదే ఏడాది మైల్స్ జాక్ కథ చూడండి. బయటికి చూస్తే చిన్న గాయం, మెనిస్కస్ చిరిగింది. కానీ గుజ్జు పాడైందన్న భయంతో మొదటి రౌండ్ అంతా జట్లు దాటేశాయి. 36వ స్థానంలో జాక్సన్‌విల్ తీసుకుంది. అక్కడ ఆరు సీజన్లు ఆడాడు. డాక్టర్లు భయపడ్డది తప్పు కాదు. అయినా నాలుగేళ్ల ఒప్పందం వరకు ఆ మోకాలు జట్టుకి సరిపోయింది.

దీనికి ఎదురు కథా ఉంది. సౌత్ కరోలైనా యూనివర్సిటీ రన్నింగ్ బ్యాక్ మార్కస్ లాటిమోర్‌కి 2011లో ఎడమ మోకాలు పోయింది. బాగుచేసుకుని వచ్చాక 2012లో కుడి మోకాలు కీలు తప్పి, ఒకేసారి పలు లిగమెంట్లు తెగాయి. శాన్ ఫ్రాన్సిస్కో జట్టు 49యర్స్ నాలుగో రౌండ్‌లో తీసుకుని ఏడాది ఆగారు. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 23 ఏళ్లకి ఆట మానుకున్నాడు. మరోపక్క విల్లిస్ మెగాహీకి 2003 జనవరిలో ఒకే దెబ్బకి మూడు లిగమెంట్లు తెగితే, బఫెలో ధైర్యం చేసి మొదటి రౌండ్‌లోనే తీసుకుంది. ఒక సీజన్ ఆగి, 2004లో వెయ్యి గజాలు దాటి పరుగెత్తాడు. ఇద్దరూ రన్నింగ్ బ్యాక్‌లే. ముందుగా నా చేతికి రెండు ఎమ్మారైలు ఇచ్చి, వీళ్లలో ఎవరు నిలబడతారో చెప్పమంటే సరిగ్గా చెప్పేవాణ్నని అనుకోను.

మా వృత్తి రెండో వైపూ తప్పుతుంది. 2006లో భుజం ఆపరేషన్ అయిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) డ్రూ బ్రీస్‌ని మయామి డాక్టర్లు నమ్మలేదు. న్యూ ఆర్లియన్స్ నమ్మింది. ఆ జట్టుకి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిపించాడు. డ్రాఫ్ట్ కాకపోయినా, డాక్టరు “వద్దు” అన్న మాటకి కూడా ఖరీదుంటుందని జట్లకు తెలిసిన సందర్భమది.

ఇప్పుడు మీ అబ్బాయి పొజిషన్‌లోనే ఆడిన టాడ్ గర్లీ గురించి చెప్తాను. మీరిద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి. 2014 నవంబరులో జార్జియా యూనివర్సిటీకి ఆడుతూ ఎడమ ఏసీఎల్ తెంచుకున్నాడు. ఐదు నెలలకి, అంటే మీవాడు ఇవాళ ఉన్న స్థితిలో, రామ్స్ పదో ఎంపికగా తీసుకున్నారు. ఆ ఏడాదే కొత్త ఆటగాళ్లలో మేటిగా అవార్డు, 2017లో లీగ్‌లోనే మేటి అటాకింగ్ ఆటగాడిగా అవార్డు. డ్రాఫ్ట్ పరంగా బంగారం లాంటి ఎంపిక. 2018 చివరికి అదే ఎడమ మోకాలు మొరాయించింది. 2020 మార్చిలో రామ్స్ వదిలేశారు. ఆ ఏడాది అట్లాంటాకి ఆడిందే ఆఖరు. అప్పటికతనికి 26 ఏళ్లు.

రామ్స్ కోరుకున్న నాలుగేళ్లు ఆ మోకాలు ఇచ్చింది. జట్టు కొనేది నాలుగేళ్ల మోకాలిని. మీ అబ్బాయికి కావలసింది అరవై ఏళ్ల మోకాలు. అందుకే జట్టుకి “తీసుకోండి” అంటున్నాను, మీకు “ఆగండి” అంటున్నాను.

ఐదో నెలలో నొప్పి లేకపోవడమే అసలు ప్రమాదం. వేసిన టెండన్ ముక్క లోపల మొదట్లో నిర్జీవమవుతుంది, తర్వాత మెల్లగా రక్తనాళాలు పాకి కొత్త లిగమెంట్‌గా మారుతుంది. ఈ మార్పు నెలల తరబడి సాగుతుంది. కుర్రాడికి మాత్రం అంతా బాగైపోయినట్టే ఉంటుంది. 25 ఏళ్లలోపు వాళ్లు ఇలాంటి ఆటల్లోకి తిరిగి వెళ్తే, దాదాపు నలుగురైదుగురిలో ఒకరికి అదే కాలికో రెండో కాలికో మళ్లీ తెగుతోంది. నార్వేలో చేసిన పరిశోధన ఒకటి 2016లో వచ్చింది. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల దాకా, ఆట ఒక్కో నెల వాయిదా వేసిన కొద్దీ మళ్లీ గాయమయ్యే ముప్పు దాదాపు సగానికి తగ్గుతూ వచ్చిందని అందులో తేలింది. మీవాడి లెక్కలో ఆగస్టు ఒకటికి ఏడున్నర నెలలు. సెప్టెంబరు మధ్యకి తొమ్మిది.

టెనెసీ ఆటగాడు జెఫ్రీ సిమన్స్ 2019 ఫిబ్రవరిలో ఏసీఎల్ తెంచుకుని అక్టోబరులోనే దిగాడు కదా అని మీవాడు అనవచ్చు. నిజమే, ఎనిమిది నెలలకే దిగాడు. కానీ పొద్దున లేచింది మొదలు మోకాలి పనే అతని ఉద్యోగం, చుట్టూ జట్టు ఫిజియోలు. మీవాడికి స్కూలు, హోంవర్కు, వారానికి రెండు మూడు ఫిజియో సిట్టింగులు. పైగా మెనిస్కస్ కుట్లున్నాయి. ఆ కుట్లు ఊడితే రేపు ఆ ముక్క కోసి తీసేయాల్సి వస్తుంది. అది లేని మోకాలిలో గుజ్జు తొందరగా అరుగుతుంది. లిగమెంట్ మళ్లీ వేయగలం, గుజ్జు వేయలేం.

తొమ్మిది నెలలు నిండగానే పంపేయమని కూడా నేననను. ముందు తొడ కండరం చూడండి. టేపు తీసుకుని, చిప్పకి పది సెంటీమీటర్ల పైన రెండు తొడలూ కొలవండి. తేడా రెండు సెంటీమీటర్లుంటే కండరం ఇంకా కోలుకోలేదని మీకే అర్థమవుతుంది. ఫిజియో దగ్గర మెషీన్ మీద తొడ ముందు వైపు కండరం బలం కొలిపించండి. బాగున్న కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలి. టెండన్ తీసింది చిప్ప కింద కాబట్టి ఈ కండరమే అన్నిటికన్నా ఆలస్యంగా కోలుకుంటుంది. తర్వాత ఒంటికాలి గెంతులు, అవీ 90 శాతం. దూరమే కాదు, దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందా చూడమనండి. ఫోన్‌లో ఎదురుగా వీడియో తీసి, మెల్లగా తిప్పి మీరూ చూడండి. ఇవన్నీ దాటాక పరుగులో మలుపులు, ఆ తర్వాతే ఢీకొట్టే ప్రాక్టీసు, చివరికి మ్యాచ్. ప్రతి మెట్టుకీ రెండు మూడు వారాలు. మోకాలు వాచితే ఒక మెట్టు దిగాలి.

భయం సంగతి కూడా అడగండి. “మళ్లీ తెగుతుందేమో” అని లోపల బెదురున్న కుర్రాడు ఆ కాలిని కాచుకుంటూ రెండో కాలి మీద పడతాడు. రెండోది కొన్నిసార్లు అలా తెగుతుంది. నాన్న దగ్గర చెప్పకపోయినా ఫిజియోకి చెప్తారు.

ఇది స్కూల్లో ఆఖరి సీజన్ కావచ్చు, కాలేజీల వాళ్లు చూసేది ఇప్పుడేనని మీకు బెంగ ఉండొచ్చు. ఆ బెంగ చిన్నది కాదు, నాకు తెలుసు. పాత వీడియోలు, ఆపరేషన్ రిపోర్టు, ఈ పరీక్షల ఫలితాలు కాలేజీ కోచ్‌లకి దాచకుండా పంపండి. పైన చెప్పిన జట్లన్నీ గాయం తెలిసే తీసుకున్నాయి. మళ్లీ తెగిన మోకాలికి అంత ఓపిక పట్టేవాళ్లు తక్కువ.

ఆగస్టులో ప్రాక్టీసుకు పంపండి, కానీ హెల్మెట్ లేకుండా, ఆటలో దిగకుండా. ప్లేలు (జట్టు ఎత్తుగడలు) నేర్చుకోనివ్వండి, పక్కన తన ఫిజియో కసరత్తు చేసుకోనివ్వండి. కోచ్‌కి ముందే సర్జన్ చేత ఒక కాగితం రాయించి ఇవ్వండి, అప్పుడు మైదానంలో “ఒక్కసారి దిగు” అనే మాట రాదు. మీవాడి మోకాలిని నేను చూడలేదు. చూసింది మీ సర్జన్. మెనిస్కస్ ఎక్కడ చిరిగింది, ఎన్ని కుట్లు వేశారు, గుజ్జు ఎలా కనిపించింది అని మూడు మాటలూ ఆయన్ని విడిగా అడగండి. గుజ్జు దెబ్బతిందని ఆయనంటే నేను చెప్పిన తొమ్మిది నెలలు పన్నెండు చేసుకోండి. సెప్టెంబరులో బలం, గెంతుల పరీక్షలయ్యాక ఆ అంకెలతో మళ్లీ రాయండి.