ఎక్స్ఎస్ఎల్‌టీలో ఒక స్ట్రింగ్ ఎలిమెంట్ పేరుగా చెల్లుతుందో లేదో ఎలా చూడాలి?

ఎక్స్ఎంఎల్ ఫైళ్ళను మార్చే ఎక్స్ఎస్ఎల్‌టీ భాషతో మీరు ఎక్సెల్ హెడ్డింగులనే ఎలిమెంట్ (ట్యాగు) పేర్లుగా మారుస్తున్నారు, ఏది చెల్లుతుందో ముందే తేల్చుకోవాలి. మీరు అడిగింది ఇదే కదా. ఎక్స్ఎస్ఎల్‌టీ 2.0 గానీ ఆపైది గానీ వాడుతుంటే టెస్ట్‌లో 'క్యాస్టబుల్ యాజ్ ఎక్స్ఎస్:ఎన్‌సీనేమ్' అని రాయండి, ఎన్‌సీనేమ్ అంటే కోలన్ లేని పేరు. ఉత్త 'నేమ్' అని రాస్తే కోలన్ ఉన్నవీ పాసైపోతాయి.

ఈ చెక్ మాత్రం మానొద్దు. పలాసలో ఒక జీడి వ్యాపారి లెక్కలు ఎక్స్ఎంఎల్‌లోకి మార్చి ఇచ్చాను. పక్కపక్కనే రెండు హెడ్డింగులు: '80 కిలోల బస్తాలు', '80 కిలోల ధర'. పేరు అంకెతో మొదలవకూడదు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. నా ఎక్స్ఎస్ఎల్‌టీ 1.0 ప్రాసెసర్ ఎర్రర్ ఇవ్వలేదు. ట్యాగులు రెండూ వదిలేసి లోపలి అంకెలు మాత్రం రాసింది, అవి అతుక్కుని ఒకే పెద్ద సంఖ్య అయ్యాయి. 1999 నాటి 1.0 స్పెసిఫికేషన్ దీనికి ఒప్పుకుంటుంది. గుమాస్తా గారు మొత్తం కూడి చూస్తేగానీ బయటపడలేదు. రెండు రాత్రులు కూర్చుని పట్టీలన్నీ మళ్ళీ సరిచూశాను.

దయచేసి 'ఏ నుంచి జెడ్ వరకు' అని సొంత రెజెక్స్ (అక్షరాల నమూనా) రాయకండి. 'ధర', 'జీడిపిక్కలు' నిఖార్సైన ఎక్స్ఎంఎల్ పేర్లు. మన అక్షరాలను మనమే బయటికి నెట్టడం నాకు మనసొప్పదు.

తెలుగు పేర్లలో అసలు చిక్కు కంటికి కనబడదు. 'గోడౌన్‌లో_నిల్వ' అని టైప్ చేస్తే న్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు) ఒకటి కూర్చుంటుంది. ఎక్స్ఎంఎల్ 1.0 ఐదో కూర్పు (2008) దాన్ని పేర్లలో ఒప్పుకుంది, అంతకుముందు కూర్పులు ఒప్పుకోవు. మీ దగ్గర పాసైన పేరును అవతలివాళ్ళ పాత పార్సర్ (ఎక్స్ఎంఎల్ చదివే ప్రోగ్రాం) తిప్పికొట్టొచ్చు. నేనైతే ట్రాన్స్‌లేట్ ఫంక్షన్‌తో ఆ గుర్తును (యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ) ముందే తీసేస్తాను. 'గోడౌన్లో' అని కలిసిపోయి కనిపిస్తుంది, చదవడానికి ఇబ్బందేమీ లేదు.

ఇంకోటి, స్ట్రింగ్‌కు అటూఇటూ ఖాళీలున్నా క్యాస్టబుల్ ఔననే అంటుంది, వాటిని కత్తిరించాకే చూస్తుంది కాబట్టి. ఉన్నదున్నట్టు చూడాలంటే మ్యాచెస్ ఫంక్షన్ వాడండి, దాని రెజెక్స్‌లో ఈ రెండు గుర్తులు పనికొస్తాయి. బ్యాక్‌స్లాష్ ఐ పేరు మొదట రాదగ్గ అక్షరం, బ్యాక్‌స్లాష్ సీ ఎక్కడైనా రాదగ్గది. రెంటిలోంచీ కోలన్ తీసేసి, ముందు క్యారెట్, చివర డాలర్ పెట్టండి.

ఎక్స్ఎస్ఎల్‌టీ 1.0 తప్పదంటే, అనుమతించే అక్షరాలన్నీ ఒక వేరియబుల్‌లో పెట్టి, ట్రాన్స్‌లేట్‌తో వాటిని తీసేశాక ఏమీ మిగలకూడదు. మొదటి అక్షరాన్ని కంటెయిన్స్‌తో విడిగా చూడండి. ఖాళీ స్ట్రింగ్ ఈ రెండు పరీక్షలూ దాటేస్తుంది, దాన్ని మొదటే ఆపేయండి.